మీ ఎలక్ట్రిక్ కారు నిజంగా ఎంత దూరం వస్తుంది? నెల్లూరు, ఒంగోలు రోడ్ల మీద మీరే లెక్క తీసుకునే పద్ధతి

"అన్నా, ఫుల్ ఛార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తుంది?" కొనబోయేవాళ్లు ఇదే అడుగుతారు, కొన్నవాళ్లూ ఇదే అడుగుతారు. అందుకే ఈసారి అంకె చెప్పకుండా పద్ధతి రాస్తున్నాను. నెల్లూరు ట్రంకు రోడ్డులో బడికీ మార్కెట్టుకీ తిరిగే కారుకూ, వారం వారం చెన్నై వెళ్లొచ్చే అదే మోడల్ కారుకూ మధ్య వంద కిలోమీటర్ల తేడా రావచ్చు. ఇద్దరూ చెప్పేది నిజమే, కానీ ఆ రెండు అంకెలూ మీ కారుకు పనికిరావు.

కంపెనీ చెప్పే అంకె గురించి రెండు మాటలు చాలు. అది ఎంఐడీసీ (మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్) అనే పరీక్షలో వచ్చేది. కారును రోలర్ల మీద ఎక్కించి, ఏసీ ఆపి, ఒక లెక్క ప్రకారం నడుపుతారు. వేగం ఎక్కువలో ఎక్కువ 90 దాకా వెళ్తుంది, అదీ కొద్దిసేపే. నెక్సాన్ ఈవీలో 40.5 యూనిట్ల బ్యాటరీ కారుకు మొదట 465 కిలోమీటర్లు అన్నారు. సిటీ భాగంతో పాటు హైవే భాగాన్ని కూడా కలిపి చెప్పడం 2024లో మొదలయ్యాక అదే కారుకు 390 అన్నారు. కారు మారలేదు, బ్యాటరీ మారలేదు. అందుకని షోరూం అంకెను రెండు మోడళ్లను పోల్చుకోవడానికి వాడుకోండి, ఊరెళ్లడానికి వాడకండి.

కావలసినవి

- ట్రిప్ మీటర్ పనిచేసే మీ కారు. దాదాపు అన్ని కార్లలో ట్రిప్ ఏ, ట్రిప్ బీ ఉంటాయి. ఏ ని రోజువారీకి వదిలేసి, బీ ని పరీక్షకు ఉంచుకోండి.
- జీపీఎస్ వేగం చూపే మ్యాప్ ఉన్న ఫోను.
- టైరు గాలి చూసుకునే గేజి. లేకపోతే నమ్మకమైన పంక్చర్ షాపు.
- నోటు పుస్తకం, పక్కన కూర్చుని రాసే మనిషి. నడుపుతూ మీరే రాయకండి.
- ఇంట్లో ఛార్జింగ్ పాయింటుకు విడిగా ఒక చిన్న మీటరు. ఇది లేకపోయినా పరీక్ష ఆగదు, కానీ ఖర్చు లెక్కకు కావాలి.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించి వివరాలు చదివే చిన్న పరికరం) ఉంటే బ్యాటరీ లోపలి వివరాలు ఇంకా కచ్చితంగా కనిపిస్తాయి. అది లేదని మాత్రం పని వాయిదా వేయకండి.

మొదట ఈ ఒక్క లెక్క

బ్యాటరీ సైజును కిలోవాట్ అవర్లలో చెబుతారు. అది మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే 40 యూనిట్లు పట్టేది. కాబట్టి మనకు కావలసింది యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లు అనే మైలేజీ.

కొన్ని కార్లు ఇది నేరుగా చూపవు. కిలోమీటరుకు ఇన్ని వాట్ అవర్లు అని చూపుతాయి. 1000 ని ఆ అంకెతో భాగిస్తే చాలు. 125 చూపితే యూనిట్‌కు 8 కిలోమీటర్లు, 160 చూపితే 6.25. ఇంకొన్ని 100 కిలోమీటర్లకు ఇన్ని యూనిట్లు అని చూపుతాయి. అప్పుడు 100 ని ఆ అంకెతో భాగించండి. మీ కారు ఏ పద్ధతిలో చూపుతుందో ముందే చూసి పెట్టుకోండి. ఒక పద్ధతిలో అంకె పెరిగితే మంచిది, ఇంకో పద్ధతిలో తగ్గితే మంచిది. ఇక్కడ తికమకపడి, బాగా నడిపిన రోజును చెడ్డ రోజనుకునేవాళ్లు చాలామంది.

1. వాడుకోవడానికి దొరికే బ్యాటరీ ఎంతో రాసుకోండి

బ్రోచర్‌లో ఉన్న అంకె మొత్తం వాడుకోవడానికి దొరకకపోవచ్చు. బ్యాటరీ పాడవకుండా పైనా కిందా కొంత ఉంచేస్తారు. మీ మోడల్‌కు వాడుకోదగిన సామర్థ్యం తెలిస్తే అదే తీసుకోండి. తెలియకపోతే బ్రోచర్ అంకెలో 5 శాతం తగ్గించి మొదలుపెట్టండి, తర్వాత సరిచూసుకునే దారి కింద చెప్తాను.

ఇక్కడి నుంచి ఉదాహరణలన్నిటికీ వాడుకోదగిన బ్యాటరీ 40 యూనిట్లు అనుకుందాం. అంటే స్క్రీన్ మీద 1 శాతం తగ్గితే 0.4 యూనిట్ ఖర్చయినట్టు.

2. కారును సిద్ధం చేయండి

టైర్లలో గాలి ఉదయాన్నే, బండి కదలకముందు చూడండి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న పీఎస్ఐ పెట్టించండి. మే నెలలో మధ్యాహ్నం రోడ్డు మీద వేడెక్కిన టైర్లకు చూస్తే గాలి ఎక్కువ ఉన్నట్టు చూపుతుంది. షాపు కుర్రాడు అది చూసి తీసేస్తాడు, చల్లారాక టైర్లు మెత్తగా ఉంటాయి.

పైన క్యారియర్ ఉంటే, అది రోజూ అవసరం లేకపోతే, తీసేయండి.

పరీక్షకు ముందు రాత్రి 100 దాకా ఛార్జ్ పెట్టండి. ముఖ్యంగా ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ కార్లకు ఇది తప్పనిసరి. ఈ రకం బ్యాటరీలో వోల్టేజి చాలాసేపు ఒకే దగ్గర ఉంటుంది, అందువల్ల ఎంత మిగిలిందో అంచనా వేయడం కారుకు కష్టం. ఎప్పుడూ 40 నుంచి 80 మధ్యే తిప్పుతుంటే స్క్రీన్ మీది శాతం నెమ్మదిగా దారి తప్పుతుంది. నిండుగా ఛార్జ్ చేసినప్పుడు అది మళ్లీ సర్దుకుంటుంది.

3. ఊళ్లో లెక్క: వారం పద్ధతి

ఊళ్లో ఒక్కరోజు పరీక్ష పనికిరాదు. వీఆర్‌సీ సెంటర్ దగ్గర ట్రాఫిక్ ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు. ఒంగోలు కర్నూలు రోడ్డూ అంతే. కాబట్టి ట్రిప్ బీ సున్నా చేసి, శాతం రాసి, వారం పాటు మామూలుగా తిరగండి. మధ్యలో ఛార్జ్ పెడితే పెట్టే ముందు, తీసిన తర్వాత శాతాలు రాయండి. వారం చివర మొత్తం ఎన్ని శాతం ఖర్చయిందో కూడి యూనిట్లలోకి మార్చి, కిలోమీటర్లను దానితో భాగించండి.

ఊళ్లో ఆగి ఆగి వెళ్తున్నా బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వస్తుంది కాబట్టి మైలేజీ బాగానే ఉంటుంది. దాన్ని తినేది ఏసీ. లెక్క చూడండి. ఎండలో నిలిపిన కారు చల్లబడ్డాక ఏసీ గంటకు ఒక యూనిట్ తీసుకుంటుందనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ట్రాఫిక్‌లో పాకితే ఆ ఒక్క యూనిట్ 20 కిలోమీటర్ల మీద పడుతుంది. అంటే కిలోమీటరుకు 50 వాట్ అవర్లు. అదే హైవేలో 80 మీద వెళ్తే 12 లేదా 13 మాత్రమే. హైవే ఎక్కగానే ఏసీ ఆపి అద్దాలు దించుకుని చెమటలు కక్కుతూ వెళ్లే పెద్దమనుషులకు ఇదే నా మనవి: ఆపితే మిగిలేది తక్కువ, అద్దాలు దించితే గాలి లోపలికి కొట్టి అందులోనూ కొంత పోతుంది. హాయిగా వేసుకోండి.

కాకపోతే చెట్టు నీడ ఉన్నచోట నిలపండి. నిప్పుల మీద పెట్టిన పెనంలా ఉన్న కారును చల్లబరచడానికి మొదటి పది నిమిషాల్లో ఏసీ మామూలుకన్నా రెండు మూడు రెట్లు లాగుతుంది. ఇంట్లో ప్లగ్గు పెట్టి ఉండగానే, బయల్దేరే ముందు ఏసీ వేసే సదుపాయం మీ కారుకు ఉంటే అది గోడ కరెంటు మీద జరుగుతుంది, బ్యాటరీ మిగులుతుంది.

4. హైవే లెక్క: అసలు పరీక్ష ఇదే

టెన్షన్ అంతా హైవే మీదే కదా. కాబట్టి దీనికి ఒక పూట కేటాయించండి.

దారి: నెల్లూరు వాళ్లు బైపాస్ మీద మొదలుపెట్టి కావలి దాకా వెళ్లి రండి, రానూపోనూ సుమారు 110 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లు కూడా కావలి దాకా వచ్చి వెనక్కి వెళ్లొచ్చు, అది ఇంకొంచెం ఎక్కువ. 16వ నంబరు జాతీయ రహదారి ఈ భాగంలో దాదాపు చదునుగా ఉంటుంది, పరీక్షకు ఇంతకన్నా మంచి రోడ్డు దొరకదు.

క) హైవే ఎక్కాక ఒక గుర్తు పెట్టుకోండి. బంకో, ఫ్లైఓవరో ఏదైనా. అక్కడ పక్కకు ఆపి ట్రిప్ బీ సున్నా చేయండి. శాతం, ఓడోమీటర్, టైము, బయట ఉష్ణోగ్రత రాయించండి. ఇంటి నుంచి హైవే దాకా వచ్చిన భాగం ఈ లెక్కలో కలవకూడదు.

ఖ) ఏసీ 25 మీద పెట్టి వదిలేయండి. మధ్యలో మార్చకండి.

గ) ఫోనులో 80 చూపేలా నడపండి. కారు స్పీడోమీటర్ అసలు వేగం కన్నా కొంచెం ఎక్కువే చూపుతుంది. కారులో 84 ఉన్నప్పుడు ఫోనులో 80 ఉండొచ్చు. క్రూజ్ కంట్రోల్ ఉంటే వాడండి. లారీని దాటడానికి కాసేపు పెంచినా పర్వాలేదు, ముందున్న కంటైనర్ వెనకాలే అంటుకుని వెళ్లడం మాత్రం వద్దు. గాలి తప్పించుకుని మైలేజీ పెరుగుతుంది నిజమే, కానీ అది ప్రమాదం, పైగా లెక్క కూడా తప్పు వస్తుంది.

ఘ) టీకి ఆగితే కారు పూర్తిగా ఆపేయండి. పిల్లల్ని లోపల ఉంచి ఏసీ వేసి ఉంచితే ఆ శాతం పరీక్షలో కలుస్తుంది.

చ) కావలిలో తిరిగి, మొదలుపెట్టిన గుర్తు దగ్గరే ఆపండి. మళ్లీ అన్నీ రాయించండి.

ఛ) ఇంకో రోజు, వీలైతే అదే టైములో, ఇదంతా 100 మీద చేయండి. నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. ఎక్కడైనా తక్కువ వేగం బోర్డు ఉంటే బోర్డే లెక్క.

ఇప్పుడు ఉదాహరణ. 110 కిలోమీటర్లకు 80 మీద 36 శాతం ఖర్చయింది. 36 ని 0.4తో గుణిస్తే 14.4 యూనిట్లు. 110 ని 14.4తో భాగిస్తే యూనిట్‌కు 7.6 కిలోమీటర్లు. అదే 100 మీద 46 శాతం ఖర్చయితే 18.4 యూనిట్లు, అంటే యూనిట్‌కు 6 కిలోమీటర్లు.

100 నుంచి 10 శాతం దాకా వాడితే 36 యూనిట్లు దొరుకుతాయి. 80 మీద దాదాపు 275 కిలోమీటర్లు, 100 మీద 215. ఒకే కారు, ఒకే రోడ్డు. గాలి ఎదురు తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 80 నుంచి 100కి వెళ్తే ఆ బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. థియరీ ఇంతటితో చాలు.

రానూపోనూ ఎందుకు? మనది సముద్రం ఒడ్డు జిల్లా, గాలి ఎప్పుడూ ఊరుకోదు. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య గాలి ఉన్నప్పుడు ఒంగోలు వైపు వెళ్తే ఎదురుగాలి, నెల్లూరుకు తిరిగొస్తే వెనక నుంచి తోస్తుంది. ఎండాకాలం సాయంత్రాల్లో దక్షిణం నుంచి వీచే గాలికి ఇది తిరగబడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో మీరు 80 మీద వెళ్తున్నా కారుకు అది 100 మీద వెళ్లినంత బరువు. ఒక్క వైపు మాత్రమే చూసి "నా కారు యూనిట్‌కు 9 ఇస్తోంది" అని సంబరపడకండి. అయితే ఊరెళ్లే రోజు తిరుగు ప్రయాణం ఉండదు, ఎదురుగాలి ఒక్కటే ఉండొచ్చు. ఆ రోజు లెక్కకు 100 మీద వచ్చిన అంకె తీసుకుని 80 మీద నడపండి.

5. మనుషులు, సామాన్లు

నలుగురు ఎక్కితే రేంజ్ సగానికి పడిపోతుందనేది ఉత్తిమాట. చదును రోడ్డు మీద 300 కిలోల బరువు పెరిగినా తేడా పది శాతం లోపే ఉంటుంది. టాపు మీద సామాన్లు కట్టడం దీనికన్నా ఎక్కువ తింటుంది, ఎందుకంటే అది గాలికి అడ్డం. పెళ్లి సామాన్లయినా సరే, లోపల పట్టేలా సర్దుకోండి.

బరువు తేడా తెలిసేది ఘాట్ రోడ్డులోనే.

6. కొండ లెక్క

నెల్లూరు వాళ్లు తిరుమల వెళ్లకుండా ఉండరు, మార్కాపురం వైపు వాళ్లు శ్రీశైలం వెళ్లకుండా ఉండరు. మనుషులతో కలిపి 1700 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి, మామూలు ఖర్చు కాక, సుమారు అర యూనిట్ అదనంగా కావాలి. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు దాదాపు 700 మీటర్లు. కాబట్టి మూడున్నర యూనిట్లు, మన ఉదాహరణ కారులో 9 శాతం. దిగేటప్పుడు అందులో సగమో, అంతకు కొంచెం ఎక్కువో తిరిగొస్తుంది.

హెచ్చరిక: కొండ మీద 100 దాకా ఛార్జ్ చేసి దిగకండి. నిండిన బ్యాటరీలోకి కరెంటు వెనక్కి పోవడానికి చోటుండదు, రీజెన్ బ్రేకింగ్ (కరెంటును బ్యాటరీలోకి తిరిగి పంపుతూ కారును ఆపే పద్ధతి) బాగా తగ్గిపోతుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. రీజెన్‌కు అలవాటు పడిన పాదానికి ఘాట్ మలుపులో అది ఒక్కసారిగా తెలుస్తుంది. దిగాక కింద ఛార్జ్ చేసుకోండి.

శ్రీశైలానికి దోర్నాల నుంచి వెళ్లే దారి నల్లమల అడవిలో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రాత్రిపూట అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర వాహనాలు ఆపేస్తారు కాబట్టి ఆలస్యమైతే అవతలే ఉండిపోవాలి. మార్కాపురంలో శాతం చూసుకోండి. శ్రీశైలం వెళ్లి మళ్లీ మార్కాపురం రావడానికి సరిపడా లేకపోతే అక్కడే నింపుకుని కదలండి.

7. గోడ దగ్గర లెక్క

బ్యాటరీలోకి వెళ్లిన యూనిట్లు, మీటర్లో తిరిగిన యూనిట్లు ఒకటి కావు. ఛార్జర్ వేడెక్కడంలో, కారు ఎలక్ట్రానిక్స్ మేలుకుని ఉండటంలో కొంత పోతుంది. ఇంటి ఛార్జింగులో 10 నుంచి 15 శాతం పోవడం మామూలు. 10 శాతం నుంచి 100 దాకా నింపండి. బ్యాటరీలోకి 36 యూనిట్లు వెళ్లాలి. విడి మీటర్లో 41 కనబడితే నిష్పత్తి 0.88. ఇకపై రోడ్డు మీద యూనిట్‌కు 7 కిలోమీటర్లు వచ్చినా బిల్లు మీద మాత్రం 6.2 కిలోమీటర్లే.

డబ్బు లెక్కలో అందరూ చేసే పొరపాటు, మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి సగటు తీయడం. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు శ్లాబుల్లో ఉంటుంది. కారు యూనిట్లు పై శ్లాబులో పడతాయి. 2022–23 నుంచి ఉన్న ధరల్లో 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్‌కు 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. సర్దుబాటు ఛార్జీలు వేరే. ఇంట్లో ఏసీలకే 400 దాటే ఎండాకాలంలో కారుకు పడేది 9.75 ధరే. దాన్ని 6.2తో భాగిస్తే కిలోమీటరుకు రూపాయిన్నర పైచిలుకు. పెట్రోలుతో పోలిస్తే ఇప్పటికీ బాగా చవకే, కానీ "కిలోమీటరుకు అర్ధరూపాయి" అని చెప్పేవాళ్ల మాట ఇంటి మీటరు దగ్గర నిలబడదు. నెల్లూరు ఎస్‌పీడీసీఎల్ కింద, ఒంగోలు సీపీడీసీఎల్ కింద ఉన్నా ధరలు ఒకటే. మీ తాజా బిల్లు వెనక్కి తిప్పి చూసుకోండి. హైవే ఫాస్ట్ ఛార్జర్ల ధర ఇంటి ధరకు రెట్టింపు అటూఇటూ ఉంటుంది, దానిమీద జీఎస్‌టీ 18 శాతం.

హెచ్చరిక: 15 యాంపుల సాకెట్లో ఛార్జ్ పెట్టిన అరగంటకు ప్లగ్గు మీద అరచేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, ప్లాస్టిక్ వాసన వస్తుంటే, సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ కనబడితే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వాడకండి. మోటరు షెడ్డు నుంచి వైరు లాగి పెట్టడం కూడా అంతే. ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి ఛార్జింగ్ మొదలు కాకపోతే చాలా ఇళ్లలో కారణం ఎర్తింగ్. మేలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. ఎర్తింగ్ చెక్‌ను దాటేసే అడాప్టర్లు అమ్ముతారు, వాటి జోలికి పోకండి. గుంతను బాగు చేయించండి.

8. ఊరెళ్లే ముందు వేసుకునే లెక్క

ఇప్పుడు మీ దగ్గర మూడు అంకెలున్నాయి: ఊళ్లో, 80 మీద, 100 మీద. దూరాన్ని తగిన అంకెతో భాగించి, కొండ ఉంటే కలిపి, శాతంలోకి మార్చండి. చేరేసరికి 20 శాతం మిగలాలి. దారి తెలిసినదైతే 15.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. 100 మీద వెళ్తే 175 ని 6తో భాగిస్తే 29 యూనిట్లు, అంటే 73 శాతం. 27 మిగులుతుంది. మధ్యలో ఆగక్కర్లేదు, చెన్నైలో రాత్రి ఎక్కడ ఛార్జ్ పెడతారో చూసుకుంటే చాలు.

తిరుమల చూద్దాం. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి 135 కిలోమీటర్లు, కొండ మీదికి ఇంకో 20. 80కీ 100కీ మధ్య వేగం అనుకుని యూనిట్‌కు 7 చొప్పున 155 కిలోమీటర్లకు 22 యూనిట్లు, ఎక్కడానికి మూడున్నర. మొత్తం 25.5, దాదాపు 64 శాతం. మిగిలేది 36 శాతం, అంటే 14 యూనిట్లు. దిగేటప్పుడు రెండు తిరిగొచ్చినా 16. దానితో 110 కిలోమీటర్లు వస్తుంది, ఇంటికి 155 కావాలి. కాబట్టి కొండ దిగాక తిరుపతిలో ఛార్జ్ చేయక తప్పదు. దర్శనానికి ఎంతసేపు పట్టినా ఈ లెక్క మారదు.

దారిలో ఛార్జర్ మీద ఆధారపడేటట్టయితే ఎప్పుడూ రెండు చూసి పెట్టుకోండి. యాప్‌లో పచ్చగా కనబడిన ఛార్జర్ అక్కడికెళ్లేసరికి కరెంటు లేకనో, గన్ పాడయ్యో ఉండటం అందరికీ తెలిసిన బాధే. మొదటిది పనిచేయకపోతే రెండోదానికి వెళ్లేంత శాతం ఉండగానే మొదటిదాని దగ్గరికి చేరాలి. బయల్దేరే ముందు అక్కడి మనిషికి ఫోన్ చేస్తే ఇంకా మంచిది. ఫాస్ట్ ఛార్జింగ్ 80 శాతం దాటాక బాగా నెమ్మదిస్తుంది, అవసరం లేకపోతే అక్కడే గన్ తీసి కదలండి.

ఎక్కువగా జరిగే తప్పులు

స్క్రీన్ మీద కిలోమీటర్లు చూపే అంకెను నమ్మడం వీటన్నిటిలోకి పెద్దది. వారమంతా మాగుంట లేఅవుట్‌లో మెల్లగా తిరిగి ఫుల్ ఛార్జ్ పెడితే అది 320 అని చూపుతుంది. అది నిన్నటి నడకను బట్టి వేసిన అంచనా. రేపు మీరు 100 మీద వెళ్తారని దానికి తెలియదు. హైవే ఎక్కాక 50 కిలోమీటర్లు నడిస్తే 75 తగ్గుతుంది, అప్పుడు గుండె దడ మొదలవుతుంది. హైవే మీద శాతం చూడండి, కిలోమీటర్ల అంకెను వదిలేయండి.

చిన్న దూరంతో పరీక్ష చేయడం తర్వాతిది. శాతం పూర్తి అంకెల్లోనే కనబడుతుంది కాబట్టి రెండు చివరలా కలిపి ఒక శాతం దాకా తేడా రావచ్చు. 10 శాతమే వాడితే అది పదో వంతు తప్పు. 40 శాతం వాడితే పట్టించుకోనక్కర్లేదు. మైపాడు బీచికి వెళ్లొచ్చి లెక్క తేల్చకండి, కనీసం 30 శాతం ఖర్చయ్యేంత దూరం వెళ్లండి.

సగటు వేగాన్ని, నడిపిన వేగాన్ని కలిపేయడం కూడా మామూలే. ట్రిప్ స్క్రీన్ సగటు 62 అని చూపుతుంది, "నేను 60 మీదే వెళ్లాను, అయినా మైలేజీ రాలేదు" అంటారు. సింగరాయకొండ దగ్గర 110 మీద వెళ్లి, టోల్ గేటు దగ్గర ఆగి, టీ తాగితే కూడా సగటు 62 వస్తుంది.

ఎకో మోడ్ పెడితే హైవేలో రేంజ్ పెరుగుతుందనుకుంటారు. ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఏ మోడ్ అయినా దాదాపు ఒకటే. ఎకో వల్ల ఉపయోగం కాలు తొందరపడకుండా ఆపడమే.

వచ్చిన లెక్క సరైనదో కాదో చూసుకోవడం

మొదట, శాతంతో మీరు కట్టిన అంకెనూ ట్రిప్ మీటర్ చూపే అంకెనూ పక్కపక్కన పెట్టండి. 5 శాతం లోపు తేడా ఉంటే బాగుంది. ట్రిప్ మీటర్ ఎప్పుడూ మీ లెక్క కన్నా మంచి మైలేజీ చూపుతుంటే, మీరు వేసుకున్న బ్యాటరీ సైజు ఎక్కువై ఉండొచ్చు. కొన్ని కార్లలో నిలిపి ఉన్నప్పటి ఏసీ ఖర్చు ట్రిప్‌లో కలవదు, అదీ కారణం కావచ్చు.

బ్యాటరీ సైజును సరిచూడటానికి: ట్రిప్ మీటర్ చూపే వాట్ అవర్లను కిలోమీటర్లతో గుణించి 1000తో భాగిస్తే ఖర్చయిన యూనిట్లు. 110 కిలోమీటర్లకు 128 చొప్పున 14.1 యూనిట్లు. స్క్రీన్ మీద 36 శాతం తగ్గింది. 14.1 ని 0.36తో భాగిస్తే 39. మీ బ్యాటరీ 40 కాదు, 39 అని రాసుకుని లెక్కలు సరిచేసుకోండి.

గోడ నిష్పత్తి 0.85కి, 0.92కి మధ్య ఉండాలి. ఒకటికి దగ్గరగా వస్తే మీటరు తప్పో, శాతం రాయడంలో పొరపాటో జరిగింది. 0.8 కన్నా తక్కువ వస్తే ఛార్జ్ అవుతున్నంతసేపూ ఎవరైనా కారులో ఏసీ వేసుకుని కూర్చున్నారేమో అడగండి. అదీ కాకపోతే వైరింగ్ చూపించండి.

వాన పడుతున్న రోజు వచ్చిన అంకెను మిగతా వాటితో కలపకండి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైర్లకు పని ఎక్కువ. దాన్ని విడిగా "వాన" అని రాసి ఉంచుకుంటే తుఫాను రోజుల్లో ఊరెళ్లాల్సి వస్తే పనికొస్తుంది.

ఏడాదికోసారి, అదే నెలలో, అదే గుర్తు నుంచి కావలి దాకా 80 మీద మళ్లీ వెళ్లి రండి. మైలేజీ అంతే ఉండి, బ్యాటరీ సైజు లెక్క మాత్రం 39 నుంచి 38కి దిగితే అది సహజమైన అరుగుదల. మైలేజీయే పడిపోతే బ్యాటరీని అనుమానించే ముందు టైర్లు, వీల్ అలైన్‌మెంట్, బ్రేకు పట్టేయడం చూపించండి. ఎక్కువసేపు నడిపి ఆపాక ఒక్క చక్రం దగ్గర మాత్రమే వేడి కొడుతుంటే అది బ్రేకు పనే. ముందు 100 దాకా ఛార్జ్ చేసి, వరుసగా రెండుసార్లు పరీక్షించినా బ్యాటరీ సైజు పదో వంతుకు మించి తగ్గినట్టు తేలితే ఆ కాగితాలు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. "రేంజ్ తగ్గింది" అని నోటిమాటగా చెబితే స్పీడు తగ్గించమని పంపేస్తారు. తేదీ, వేగం, ఉష్ణోగ్రత, శాతం అన్నీ ఉన్న కాగితం ఇచ్చి, బ్యాటరీ హెల్త్ రిపోర్టు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.